అర్ధఘనస్థితిలో అచ్చునొత్తుటకు తగిన ఉక్కు

పూసకట్టిన నేతిని గరిటెతో కదపినచో జారును. కదపక విడిచినచో గిన్నెలో నిలిచియుండును. లోహమునకును ఇట్టి దశ కలదని 1970 దశాబ్ది తొలినాళ్లలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఫ్లెమింగ్సు ఆచార్యుని శిష్యుడు స్పెన్సరు గమనించెను. కొంత ఘనము, కొంత ద్రవముగా నున్న లోహమును అచ్చులోనికి ఒత్తుట నాటినుండి ఒక విద్యయైనది. పోతయందువలె గాలి అంతగా చిక్కుకొనదు. సమ్మెటపనికి వలసినంత బలమును అక్కరలేదు. మన బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయందు అల్యూమినియము మిశ్రమములపై ఇట్టి పరిశోధనలు జరిగినవి. అల్యూమినియము ఆరువందల డిగ్రీల చెంతనే లొంగును. ఉక్కునకు దానికి రెట్టింపు మించిన వేడి కావలెను. ఆ వేడికి అచ్చులే చెడును. కావున ఏ ఉక్కును ఎన్నుకొనవలెననునదే ఇందలి చిక్కు.

మొదట చూడవలసినది కరగు వ్యవధి. శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీలవద్ద ఒక్కమారుగా కరగును. నడిమి దశ లేదు. కర్బనము రెండు పాళ్లవరకు చేరినకొలది, కరగుట ఆరంభించు వేడి వడిగాను, ముగియు వేడి మెల్లగాను దిగును. నడుమ ఎడము పెరుగును. నూటికి 0.1 పాలు కర్బనమున్న మెత్తని ఉక్కునకు ఆ ఎడము కొద్ది పదుల డిగ్రీలే. 1.5 పాళ్లున్నచో నూరు డిగ్రీలకు మించును.

ఎడము మాత్రమే చాలదు. ద్రవభాగము నూటికి 30 నుండి 50 వరకున్న తావున, వేడి అయిదారు డిగ్రీలు అటునిటైనను ద్రవము ఒక్కుమ్మడిగా పెరుగరాదు. కొలిమిలో లోహమంతటను ఒకే వేడి నిలుపుట ఎంత దుర్ఘటమో ఎఱిగినవారికి ఈ నియమము విలువ తెలియును. స్ఫటికములును కొమ్మలుగా గాక గుండ్రని పూసలుగా నుండవలెను.

2 పాళ్లు కర్బనము, 12 పాళ్లు క్రోమియము గల పనిముట్ల ఉక్కు ఇందుకు బాగుగా ఒదుగును. కాని చల్లారిన పిదప పూసల నడుమ పెళుసైన కార్బైడు వలగట్టును. సులువుగా ఒత్తబడుట వేరు, వస్తువు పనికి నిలుచుట వేరు. 1 పాలు కర్బనము, 1.5 పాళ్లు క్రోమియము గల బేరింగుల ఉక్కు ఇంకను ఎక్కువ వేడి కోరినను, నా తలంపున అదియే మేలు.

తెలుగువారికి ఈ కర్బనపు లెక్క కొత్తది కాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలయందు కాచిన ఉక్కులో కర్బనము ఎక్కువ. ఆ పనితీరును గూర్చి వాయ్సీ వ్రాత 1832లో అచ్చయినది. పాశ్చాత్యులు దీనిని 'ఊట్జ్' అనిరి. అది మనకును కన్నడిగులకును ఉమ్మడియైన ఉక్కు శబ్దమే. ఐరోపా కమ్మరులు తమ యలవాటుకొలది దానిని మిక్కిలి కాచి కొట్టగా ముక్కలైనది. కణముల అంచులు ముందే కరగుటయే అందులకు హేతువు. సమ్మెటకు దోషమైన ఆ అర్ధద్రవత్వమునే నేటి యంత్రము కోరుచున్నది. అయినను ఆ పాత ఉక్కునే తెచ్చి అచ్చులో ఒత్తవచ్చునని చెప్పజాలము; పాత కత్తులు కొన్నింట భాస్వరము కనబడినది, అది చల్లారునపుడు కణముల అంచులజేరి పగుళ్లు తెచ్చును.