రివర్స్ గేర్ ఎందుకు గరగరలాడుతుంది?

దాళ్వా కోతల రోజుల్లో తణుకు చుట్టుపక్కల కాలవగట్టు రోడ్ల మీద కారు నడిపేవాళ్లకి రివర్స్ గేర్‌తో పని ఎక్కువ. ఎదురుగా ధాన్యం బస్తాల ట్రాక్టర్ వస్తుంది. ఇటు కాలవ, అటు చేను. కాస్త వెడల్పున్న చోటు దాకా వెనక్కి పోవాల్సింది కారే. ఆ కంగారులో క్లచ్ తొక్కీ తొక్కగానే రాడ్డు లాగేస్తారు. గేర్‌బాక్స్ గర్రుమంటుంది. ముందు గేర్లు చేయని ఈ చప్పుడు రివర్సే ఎందుకు చేస్తుంది?

ఇప్పటి కార్లలో ముందుకు నడిపే గేర్లన్నిటికీ సింక్రోమెష్ ఉంటుంది. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లతో వచ్చిన ఏర్పాటు ఇది. పళ్లు కలిసే ముందే ఒక రింగు, సాధారణంగా ఇత్తడిది, గేరుకి ఒరుసుకుని రెండు వైపుల వేగాన్నీ సమానం చేస్తుంది. రివర్స్‌కి మాత్రం చాలా కార్లలో ఆ రింగు పెట్టరు. బండి ఆగాకే వేసే గేరు కదా, అదనపు ఖర్చెందుకన్నది తయారీదారుల లెక్క. అక్కడ ఐడ్లర్ అనే మూడో చక్రం రెండు చక్రాల మధ్యకి జరిగి వచ్చి కూర్చుంటుంది. తిరిగే దిశ మారేది దానివల్లే. దాని పళ్లు వాలుగా కాక నిటారుగా కోసి ఉంటాయి. వెనక్కి పోతున్నప్పుడు వినిపించే సన్నటి కూత ఆ పళ్లదే. అది జబ్బు కాదు, భయపడకండి.

మరి బండి ఆగింది, క్లచ్ తొక్కాం, ఇంకా చప్పుడెందుకు? క్లచ్ తొక్కితే ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ సంబంధం తెగుతుంది. కానీ గేర్‌బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ అప్పటిదాకా ఇంజిన్ వేగంతో తిరుగుతున్నది, స్విచ్ ఆపిన ఫ్యాన్‌లాగా వెంటనే ఆగదు. చక్రాల వైపు భాగం కదలకుండా ఉంది, ఇది ఇంకా తిరుగుతోంది. నిలిచిన పళ్లకి తిరిగే పళ్లు కొట్టుకుంటాయి. ప్రతి దెబ్బకీ పళ్ల అంచు కొంచెం అరుగుతుంది.

కాబట్టి ముందు కారుని పూర్తిగా ఆపాలి. క్లచ్‌ని అడుగంటా తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి అప్పుడు రివర్స్ వేయాలి. వెనక ఎవరు హారన్ కొట్టినా సరే, ఆ రెండు సెకన్లు మీవే. అంత ఆగలేనప్పుడు ఇంకో దారి ఉంది: క్లచ్ వదలకుండా రాడ్డుని ఒకటిలోనో రెండులోనో వేసి, వెంటనే రివర్స్‌లోకి లాగండి. ముందు గేరు తాలూకు రింగే షాఫ్ట్‌ని పట్టి ఆపేస్తుంది. నేనైతే దీన్నే అలవాటు చేసుకోమంటాను.

ఒక్కోసారి చప్పుడూ రాదు, గేరూ పడదు. పన్నుకి పన్ను ఎదురుగా నిలిచిందన్నమాట. బలవంతంగా తోయకండి. న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ ఒకసారి వదిలి మళ్లీ తొక్కితే షాఫ్ట్ కాస్త తిరిగి దారిస్తుంది. కొన్ని కార్లలో రాడ్డు మీది రింగుని పైకి లాగితేనే రివర్స్ పడుతుంది, అది వేరే సంగతి.

ఇవన్నీ చేసినా గరగర పోకపోతే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదేమో చూడాలి. పెడల్ కింద మ్యాట్ అడ్డుపడొచ్చు, కేబుల్ వదులు కావచ్చు, హైడ్రాలిక్ క్లచ్ అయితే ఆయిల్ కారుతుండొచ్చు. క్లచ్ నిండా తొక్కి ఒకటో గేరు వేసినా బండి ముందుకు పాకుతుంటే అనుమానం అక్కర్లేదు. గేర్‌బాక్స్ విప్పించే ముందు మెకానిక్‌ని క్లచ్ చూడమనండి.