నాన్న ల్యాప్‌టాప్, 600 రూపాయల వైఫై అడాప్టర్, వృథా అయిన నా ఆదివారం

శనివారం పొద్దున తెనాలిలో రైలు దిగి ఇంటికెళ్తే, నాన్న టీ కూడా పూర్తిగా తాగనివ్వలేదు. "నువ్వే కదరా విండోస్ తీసేసి ఇదేదో వేశావ్. కొత్తగా కొన్న వైఫై ముక్క దీన్లో పనిచేయట్లేదు, చూడు" అన్నారు.

నిజమే, తప్పు నా నెత్తి మీదే ఉంది. షాపులో ఉన్న ఆ పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ పాకుతోందని ఉబుంటు 22.04 వేసింది నేనే. ఆర్నెల్లు బాగానే నడిచింది. తర్వాత లోపలి వైఫై కార్డు పోతే నాన్న ఆన్‌లైన్‌లో 600 రూపాయలు పెట్టి ఒక యూఎస్‌బీ అడాప్టర్ తెప్పించారు. డబ్బా మీద 'ప్లగ్ అండ్ ప్లే' అని పెద్ద అక్షరాలు. పెడితే ఏమీ రాలేదు. ఆయన భయం వేరే. 20వ తేదీలోపు జీఎస్టీఆర్-3బీ వేయాలి, దాటితే రోజుకి 50 రూపాయలు లేట్ ఫీజు. అడాప్టర్ వెనక్కి ఇవ్వడానికి గడువు 19. అంటే రెండు రిటర్న్‌లు పక్కపక్కనే వచ్చి కూర్చున్నాయి. నాకేమో సోమవారం సాయంత్రం తిరుగు రైలు.

ముందు టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' కొట్టా. ఇలాంటి అడాప్టర్ల విషయంలో డబ్బా మీద పేరు, మోడల్ నంబర్ చూసి లాభం లేదు. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు చిప్‌లు పెట్టి అమ్మడం మామూలే. లినక్స్‌కి కావాల్సింది ఆ యూఎస్‌బీ ఐడీ ఒక్కటే. ఇక్కడ కనిపించింది 0బీడీఏ:1ఏ2బీ, పక్కనే 'డ్రైవర్ సీడీరామ్ మోడ్' అని. అంటే అడాప్టర్ తనని తాను ఒక సీడీగా పరిచయం చేసుకుంటోంది! విండోస్ వాళ్లకి డ్రైవర్ అందులోనే దొరకాలని చేసిన ఏర్పాటు ఇది. ఆ సీడీని ఎజెక్ట్ చేస్తేనే వైఫైగా మారుతుంది. ఆ పని తనంతట తానే చేసే 'యూఎస్‌బీ మోడ్‌స్విచ్' ప్యాకేజీ ఈ ల్యాప్‌టాప్‌లో లేదు. ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీ బొమ్మ పక్కన ఎజెక్ట్ నొక్కా. ఐడీ మారింది, 0బీడీఏ:సీ811. రియల్‌టెక్ 8811సీయూ చిప్.

కానీ వైఫై ఇంకా రాలేదు. ఎందుకంటే కెర్నల్ 5.15. యూఎస్‌బీలో వచ్చే ఈ చిప్ కుటుంబానికి కెర్నల్‌లోనే డ్రైవర్ రావడం 6.2 నుంచి మొదలైంది. గిట్‌హబ్‌లో దొరికే డ్రైవర్‌ని డీకేఎంఎస్‌తో వేసుకోవచ్చు, నా సొంత మెషీన్ అయితే వేసుకునేవాణ్ని కూడా. కానీ ఏదో ఒక కెర్నల్ అప్‌డేట్ తర్వాత అది బిల్డ్ కాకపోతే నాన్న నాకు ఆఫీస్ టైమ్‌లో ఫోన్ చేస్తారు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మాడ్యూల్ సైనింగ్ గొడవ ఇంకొకటి. అందుకే ఉబుంటు వాళ్లే ఇచ్చే హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ 6.8కి వెళ్లా.

నెట్ లేకుండా ఇదంతా ఎలా డౌన్‌లోడ్ చేశావంటారా? ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఆండ్రాయిడ్ ఫోన్ లినక్స్‌కి ఒక నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది. డ్రైవర్ల గోల లేదు. మోడ్‌స్విచ్ ప్యాకేజీ కూడా ఆ ఊపులోనే వేసేశా. రీబూట్ చేశాక ఇంటి వైఫై పేరు కనిపించింది. నాన్న ముందు కాలర్ ఎగరేశా.

పావుగంటకి నెట్ పోయింది. అడాప్టర్ పీకి మళ్లీ పెడితే వచ్చింది. ఇంకాసేపటికి మళ్లీ పోయింది.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటి సమస్య సాఫ్ట్‌వేర్‌ది కాబట్టి ఇదీ సాఫ్ట్‌వేర్‌దే అనుకున్నా. ఆదివారమంతా దానికే పోయింది. నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగ్ ఫైల్‌లో వైఫై పవర్‌సేవ్ విలువ 3 ఉంటే 2 చేసి ఆపేశా. యూఎస్‌బీ ఆటోసస్పెండ్‌ని -1 చేశా. యూఎస్‌బీ 3.0 పోర్టులు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని పాడుచేస్తాయని 2012లో ఇంటెల్ ఒక పేపర్ వేసింది, అది గుర్తొచ్చి 2.0 పోర్టుకి మార్చా. 5 గిగాహెర్ట్జ్‌కీ మారా. ప్రతిసారీ "ఆఁ, సెట్ అయింది" అనుకోవడం, అమ్మ భోజనానికి పిలిచేలోపు పోవడం.

లాగ్ చూడలేదా అంటే, చూశా. కానీ 'డీఎంఈఎస్‌జీ' అవుట్‌పుట్‌లో డ్రైవర్ పేరు ఉన్న లైన్లు మాత్రమే వడగట్టి చూశా. రాత్రి పదకొండుకి విసుగొచ్చి వడపోత లేకుండా మొత్తం తెరిస్తే, నెట్ పోయిన ప్రతిసారీ ముందు ఒకటే లైన్: 'యూఎస్‌బీ డిస్‌కనెక్ట్'. దాని వెంట 'డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ -71'.

ఈ తేడా తెలిస్తే నా ఆదివారం మిగిలేది. నెట్ తెగినప్పుడు లాగ్‌లో 'డీఅథెంటికేటెడ్' లాంటి మాట కనిపిస్తే రౌటర్ వైపో, సిగ్నల్ వైపో చూడాలి. 'యూఎస్‌బీ డిస్‌కనెక్ట్' అని వస్తే వైఫై తెగడం కాదది, ఎవరో చేత్తో పీకేసినట్టు మొత్తం పరికరమే పోర్టు నుంచి ఊడిపోయిందని అర్థం. దానికి -71 కూడా తోడైతే ఎక్కువసార్లు కనెక్టర్, కేబుల్, కరెంటు సరఫరా, వీటిలో ఒకటి. పోర్టులు మార్చినా అదే వరస కాబట్టి అనుమానం అడాప్టర్ మీదికే పోయింది.

చెల్లి విండోస్ ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశా. ఇరవై నిమిషాలు ఆగాక 'టుంగ్' అని పరికరం ఊడిన శబ్దం. వేలితో అడాప్టర్‌ని కొంచెం కదిపా, మళ్లీ 'టుంగ్'. కనెక్టర్ దగ్గర లూజు. చిప్ తప్పూ కాదు, లినక్స్ తప్పూ కాదు. ఈ పరీక్షకి ఖర్చు అరగంట. శనివారమే చేసుంటే సరిపోయేది. "అయితే ఉబుంటుది కాదా?" అని నాన్న రెండుసార్లు అడిగారు, రెండోసారి కొంచెం నిరాశగా.

సోమవారం పొద్దున్నే రిటర్న్ రిక్వెస్ట్ పెట్టా, ఊడిపోతున్న వీడియో జతచేసి. మధ్యాహ్నానికి ఒప్పుకున్నారు. ఈసారి మీడియాటెక్ ఎంటీ7610యూ చిప్ ఉన్నది వెతికి ఆర్డర్ పెట్టా, దాని డ్రైవర్ కెర్నల్‌లో ఏళ్ల నుంచి ఉంది. కొనేముందు చిప్ పేరు స్పష్టంగా రాయని లిస్టింగులన్నీ వదిలేశా, దీనికి 300 ఎక్కువైంది.

రైలెక్కేముందు టెథరింగ్ ఎలా ఆన్ చేయాలో నాన్నకి మూడుసార్లు చూపించా. 20వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్. గుండె ఝల్లుమంది. "వేసేశాను రా. కేబుల్ ఇప్పుడు పీకేయొచ్చా?" అన్నారు.