హైదరాబాద్ నుంచి జిద్దాకు ఎంత దూరం? ఎంత సమయం?

హజ్‌కు, ఉమ్రాకు బయలుదేరే వారి ఇళ్లలో మేము తరచుగా వినే ప్రశ్న ఇది. ఉదాహరణకు, టికెట్టు మీద ఉదయం 10 గంటలకు హైదరాబాద్‌లో బయలుదేరి మధ్యాహ్నం 1.30కి జిద్దా చేరుతుందని ఉంటే, "మూడున్నర గంటలే కదా" అనుకుంటారు. నిజానికి అది 6 గంటల ప్రయాణం. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉండడమే ఇందుకు కారణం.

హైదరాబాద్, జిద్దాల మధ్య నేరుగా కొలిస్తే దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతే 5 గంటల లోపే చేరాలి. కానీ విమానం గీత గీసినట్టు పోదు. నిర్ణయించిన గగనమార్గాల్లోనే వెళ్లాలి. రన్‌వే దాకా నడవడానికి, పైకి ఎక్కడానికి, కిందికి దిగడానికి సమయం పడుతుంది. పడమటి నుంచి వీచే పైగాలులు ఎదురైతే ఇంకా ఆలస్యమవుతుంది. తిరుగు ప్రయాణంలో అవే గాలులు వెనుక నుంచి తోస్తాయి కనుక సుమారు 5 గంటల్లో చేరవచ్చు. అయినా గడియారాల తేడా వల్ల టికెట్టు మీద అది ఏడున్నర గంటలుగా కనిపిస్తుంది. విమానాశ్రయంలో ఎదురుచూసే ఇంటివారు కంగారు పడనవసరం లేదు.

ఈ తేడా అన్నిటికంటే ముఖ్యం మందులు వాడే పెద్దలకు. 12 గంటలకొకసారి ఇన్సులిన్ తీసుకునేవారు ఇక్కడ ఉదయం 8కి తీసుకుంటే, తరువాతి వేళ జిద్దాలో సాయంత్రం 5.30కే వస్తుంది. అక్కడి గడియారంలో రాత్రి 8 అయ్యేదాకా ఆగితే పద్నాలుగున్నర గంటలు గడిచిపోతాయి. అందుకే బయలుదేరే ముందే డాక్టరును అడిగి, వేళలు కాగితం మీద రాయించుకోవాలి. మందులు చేతిసంచిలోనే ఉండాలి.

నమాజుకు మాత్రం సూర్యుని లెక్క. పైన చెప్పిన ప్రయాణికుడు దిగేసరికి మన గడియారంలో సాయంత్రం 4 అవుతుంది. అక్కడ ఇంకా జొహర్ వేళే. రోజాతో ఉన్నవారికి కూడా పడమటికి పోయేకొద్దీ పగలు పొడుగవుతుంది. హైదరాబాద్ ఇఫ్తార్ వేళ చూసి కాదు, తామున్న చోట సూర్యాస్తమయం అయ్యాకే రోజా విరమించాలి.

నేరుగా మక్కాకు వెళ్లేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. జిద్దాలో దిగకముందే విమానం మీఖాత్ దాటుతుంది. అక్కడ ఆగదు. కనుక ఎహ్రాం దుస్తులు ముందే ధరించి, మీఖాత్ రాకముందే సంకల్పం చేసుకోవాలి. నిద్రలో ఉంటే ఆ ఘడియ దాటిపోతుంది. ముందుగా మదీనాకు వెళ్లేవారు అక్కడి నుంచి మక్కాకు బయలుదేరినప్పుడు జుల్ హులైఫాలో ఎహ్రాం కట్టుకుంటారు.

1995 వరకు ముంబాయి నుంచి హాజీల ఓడలు నడిచేవి. సముద్రం మీద రోజుల తరబడి సాగే ఆ ప్రయాణంలో శరీరం కొత్త వేళలకు మెల్లగా అలవాటు పడేది. ఇప్పుడు ఆ తేడా అంతా ఒక్కపూటలో వచ్చి పడుతోంది. కాబట్టి ఇంట్లో చదువుకున్న పిల్లలు పెద్దల పక్కన కూర్చుని ఈ లెక్క ఒక్కసారి వివరించాలి. మందుకు గడిచిన గంటలు, నమాజుకు సూర్యుడు, ఎహ్రాంకు మీఖాత్. ఈ మూడూ తెలిస్తే చాలు.

అల్లాహ్ ఈ ప్రయాణాన్ని అందరికీ సులభతరం చేయుగాక! ఆమీన్.