నూరు మానవ సంవత్సరాల మూల్యం

ఫ్రాన్సు అనగానే మనకు పుదుచ్చేరి పట్టణం స్ఫురిస్తుంది. పసుపు గోడల భవనాలు, ఫ్రెంచి పేర్ల వీధులు 1962లో ఆ పట్టణం చట్టరీత్యా భారతదేశంలో విలీనమైన తరువాత కూడా చెక్కుచెదరలేదు. కాని ఆ దేశంతో మనకు గల మరొక బంధం శ్రీహరికోట నుండి నింగికెగసే రాకెట్ల గర్భంలో ఉన్నది. అదే 'వికాస్' ఇంజను. దానికి మూల్యంగా మనం ఇచ్చింది ఇంజనీర్ల శ్రమ.

1974లో ఇస్రోకూ, ఫ్రాన్సులోని ఎస్.ఇ.పి. సంస్థకూ ఒడంబడిక కుదిరింది. యూరపు దేశాల ఏరియన్ రాకెట్టు కోసం ఆ సంస్థ అప్పుడు 'వైకింగ్' అనే ద్రవ ఇంధన ఇంజనును రూపొందిస్తున్నది. వారికి పనివారు కావాలి. మనకు విద్య కావాలి. భారతీయ ఇంజనీర్లు అక్కడ నూరు మానవ సంవత్సరాల పని చేయాలి. అంటే ఇరవైమంది అయిదేళ్లు చేసినంత పని. ఏ లెక్కన చూచినా చౌకబేరమే! నంబి నారాయణన్ నాయకత్వాన మనవారు సెయిన్ నదీతీరంలోని వెర్నాన్‌లో ఆ కాంట్రాక్టు పనికి కుదిరారు.

నక్షాలు చేతికందినంత మాత్రాన యంత్రం పుట్టదు. నక్షాలో కొలత ఉంటుంది. ఆ కొలతను లోహంలో సాధించే ఒడుపు ఉండదు. ఏ భాగాన్ని ముందు తొలవాలి, వేడికి వంకరపోకుండా ఎట్లా అతకాలి, ఏ దశలో తనిఖీ చేయాలి అన్నది ఉత్పత్తి ఇంజనీరు విద్య. అది పనిచేసేవాని పక్కన నిలబడితే గాని పట్టుబడదు. ఈ ఇంజనులో రెండు ద్రవాలు ఒకదానినొకటి తాకిన మరుక్షణమే మండుతాయి. వాటిని వందలాది సన్నని రంధ్రాలగుండా చిమ్ముతారు. రంధ్రం ఏటవాలు ఏమాత్రం తప్పినా మంట గోడను తాకుతుంది. ద్రవాలను నెట్టే పంపు నిమిషానికి సుమారు 10,000 సార్లు తిరుగుతుంది. అంత వేగంలో చిన్న లోపానికైనా క్షమాపణ లేదు.

తిరిగివచ్చిన ఇంజనీర్లకు అసలు పరీక్ష ఇక్కడ ఎదురైంది. ఇంజను చేయాలంటే ముందు దాన్ని చేయగల కార్ఖానాలు కావాలి. క్రమంగా హైదరాబాదులోని ఎం.టి.ఎ.ఆర్., ముంబయిలోని గోద్రెజ్ వంటి సంస్థలు కాంట్రాక్టుపై ఆ పనిని చేపట్టాయి. 1985లో మన ఇంజనును వెర్నాన్‌కే తీసుకుపోయి మండించి చూశారు. గురువుల కళ్లెదుటే అది నెగ్గింది.

1994 అక్టోబరు 15న పి.ఎస్.ఎల్.వి. తొలి విజయం సాధించింది. దాని రెండవ దశలో ఉన్నది వికాసే. నెలన్నరకే నంబి నారాయణన్ గూఢచర్యారోపణపై అరెస్టయ్యారు. ఆ అరెస్టు అనవసరమని సుప్రీంకోర్టు తేల్చి, 50 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. అది 2018లో!

ఇటువంటి భాగాలు చేసేవారికి ఒక చిత్రమైన విధి ఉన్నది. నెలల తరబడి మలచిన వస్తువు నిమిషాలలో మండి, తిరిగి కంటబడదు. దానిమీద వారి పేరూ ఉండదు.

2003లో ఏరియన్-4 చివరి ప్రయాణంతో వైకింగ్ విశ్రమించింది. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకుపోయిన రాకెట్టులో రెండు వికాస్ ఇంజనులు మండాయి.