తుక్కు దుకాణంలో అణు ముప్పు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో సాయంత్రం నడకకు వెళ్తే మన తెలుగువాళ్లు తరచూ అడుగుతారు: "కల్నల్ గారూ, పాకిస్తాన్ అణుబాంబు ఉగ్రవాదుల చేతికి చిక్కితే?"

ఆ భయం ఊరికే పుట్టలేదు. అణు పరిజ్ఞానాన్ని విదేశాలకు చేరవేసినట్లు ఏ.క్యూ.ఖాన్ 2004లో టీవీలోనే ఒప్పుకున్నాడు. అయినా సైనిక పహారా దాటి బాంబు ఎత్తుకెళ్లడం, దాన్ని పేల్చడం చాలా కష్టం.

నాకు దిగులు వేరే. 2010 ఏప్రిల్‌లో అణు భద్రతపై 47 దేశాలు వాషింగ్టన్‌లో సమావేశమయ్యాయి. అదే నెల ఢిల్లీ మాయాపురి తుక్కు దుకాణాల్లో కోబాల్ట్-60 బయటపడింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత యంత్రంలోది అది. రేడియేషన్‌కు ఒక కార్మికుడు బలయ్యాడు. అక్కడ ఏ ఉగ్రవాదీ లేడు, నిర్లక్ష్యమే ఉంది.

అలాంటి పదార్థాన్ని మామూలు పేలుడుతో వెదజల్లేదే డర్టీ బాంబు. అది నగరాన్ని బూడిద చేయలేదు. కానీ మా స్టేషన్ లాంటి రద్దీ చోటును చాలాకాలం మూయించగలదు.

అందుకే ఆస్పత్రుల్లో, కర్మాగారాల్లో ఉన్న రేడియోధార్మిక పరికరాల లెక్క ఏటా స్వయంగా చూసి సరిచూడాలి. మూడు రెక్కల హెచ్చరిక గుర్తు రైల్వే పోలీసుకూ, తుక్కు వ్యాపారికీ తెలియాలి. ఆ గుర్తు కనబడితే ముట్టుకోకుండా దూరం జరిగి, పోలీసులకు చెప్పాలి.