పాట చెప్పేదీ, పాట దాచేదీ

దౌల్తాబాద్ నుంచి తాండూరు దాకా ఏ బడికి వెళ్లినా ఒక ‘హిట్లర్ సారు’ ఉంటాడు. బెత్తం పట్టుకొని వరండాలో తిరిగే ఆయనకు పిల్లలు పెట్టిన పేరది. విని ఆయన కూడా లోలోపల మురిసిపోతాడు. 1997లో చిరంజీవి సినిమాకు ఆ పేరే పెట్టారు. చెల్లెళ్లను కాపలా కాసే కోపిష్టి అన్న కథ అది. అలా మన నోట హిట్లర్ అంటే కోపం, కట్టుదిట్టం. అరవై లక్షల మంది యూదులను లెక్కగట్టి చంపిన రాజ్యం మాత్రం సోషల్ పుస్తకంలో ఒక పేరాగా మిగిలింది.

ఆ పేరాను పాటతో, బొమ్మతో, నాటకంతో చెబితే పిల్లలకు బాగా ఎక్కుతుందని నేనూ నమ్ముతాను. కానీ ఆ దారిలో అడుగడుగునా కొన్ని తీయటి అపోహలు కాచుకొని ఉన్నాయి.

అపోహ: సంగీతమే వాళ్లను బతికించింది.

ప్రేగ్‌కు దగ్గర్లోని తెరెజీన్‌లో నాజీలు యూదులను కుక్కి ఉంచారు. తర్వాత అక్కడే బందీ అయిన సంగీతకర్త హాన్స్ క్రాసా 1938లో ‘బ్రుండిబార్’ అనే పిల్లల సంగీత నాటకం రాశాడు. జబ్బుపడిన తల్లికి పాలు కొనడానికి ఒక అన్నా చెల్లీ సంతలో పాడబోతే, బ్రుండిబార్ అనే వీధి వాయిద్యగాడు తరిమేస్తాడు. పిచ్చుక, పిల్లి, కుక్క, ఊరి పిల్లలు కలిసి వాడి పని పడతారు. 1943 సెప్టెంబర్ 23 నుంచి తెరెజీన్‌లో దీన్ని 55 సార్లు ఆడారు. వేషం కట్టిన పిల్లలను రైళ్లలో తూర్పుకు పంపేస్తుంటే వాళ్ల స్థానంలో కొత్తవాళ్లకు పాటలు నేర్పారు. 55 అన్న అంకె వెనక ఆ ఖాళీలన్నీ ఉన్నాయి.

1944 జూన్ 23న రెడ్‌క్రాస్ వాళ్లు చూడటానికి వచ్చారు. అంతకు ముందు నెలలోనే, ఊరు కిక్కిరిసి కనబడకూడదని దాదాపు 7,500 మందిని ఔష్విట్జ్ మృత్యు శిబిరానికి తరలించారు. గోడలకు రంగులు వేశారు, పూలమొక్కలు నాటారు, అతిథులకు ‘బ్రుండిబార్’ చూపించారు. తర్వాత అదే చోట ప్రచార సినిమా కూడా తీశారు. ఆ శరదృతువులోనే క్రాసాను, పాడిన పిల్లల్లో చాలామందిని ఔష్విట్జ్‌కు పంపారు. క్రాసా అక్కడే హతమయ్యాడు.

అంటే ఒకే నాటకం పిల్లలకు ఊపిరి అయింది, హంతకులకు తెర కూడా అయింది. ఈ రెండో సగం చెప్పని పాఠాన్ని నేను సగం పాఠమనే అంటాను. ఔష్విట్జ్‌లో ఖైదీల వాద్యబృందాలు ఉండేవి. పొద్దున పనికి పోయే ఖైదీలు అడుగు కలిపి నడవడానికి, లెక్కపెట్టడం సులువు కావడానికి, వాళ్లచేత కవాతు పాటలు వాయించేవారు. సంగీతం దానంతటదే మంచిదన్న మాట అక్కడ నిలవదు.

బొమ్మల సంగతి కొంచెం వేరు. తెరెజీన్‌లో ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి దొరికిన పాత కాగితాల మీద పిల్లలకు చిత్రలేఖనం నేర్పింది. ప్రతి బొమ్మ మీద గీసిన బిడ్డ పేరు ఉండాలని పట్టుబట్టేది. తనను తీసుకుపోయే ముందు దాదాపు 4,500 బొమ్మలను రెండు పెట్టెల్లో పెట్టి దాచింది. 1944 అక్టోబర్‌లో ఆమెనూ చంపేశారు. బొమ్మలు మాత్రం ఇప్పుడు ప్రేగ్ యూదు మ్యూజియంలో ఉన్నాయి. వాటి మీద సంతకాలు ఉండబట్టే ఏ బొమ్మ ఏ బిడ్డదో చెప్పగలుగుతున్నాం.

అపోహ: ఎక్కడో యూరప్ ముచ్చట, మనకేం సంబంధం?

రేడియో ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు పొద్దున్నే వచ్చే ఆకాశవాణి సంకేత సంగీతం ఇంకా చెవుల్లో ఉంటుంది. దాన్ని కూర్చాడని చెప్పుకొనే వాల్టర్ కౌఫ్‌మన్ ఒక యూదు. హిట్లర్ గద్దెనెక్కిన మరుసటి ఏడాది, 1934లో, బొంబాయి చేరాడు. ఇక 1942 జులై 18న యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలో యానుష్ కోర్చాక్ అనే యూదు వైద్యుడు నడిపే అనాథాశ్రమంలో పిల్లలు ఒక నాటకం ఆడారు. అది టాగూర్ రాసిన ‘డాక్‌ఘర్’. కిటికీ దగ్గర కూర్చొని రాజుగారి ఉత్తరం కోసం చూసే జబ్బు పిల్లవాడి కథ. మూడు వారాలు తిరక్కుండానే ఆ పిల్లలనూ కోర్చాక్‌నూ ట్రెబ్లింకా మృత్యు శిబిరానికి రైలెక్కించారు. పదో తరగతి పిల్లలకు ఇంతకన్నా దగ్గరి దారి ఏముంటుంది?

అపోహ: వేషం వేయిస్తే బాధ తెలుస్తుంది.

తెలియదు. గేటు దగ్గర ఇద్దరిని సైనికులుగా నిలబెట్టి, మిగతావాళ్లను బండి ఎక్కిస్తే తరగతిలో నవ్వులే మిగులుతాయి. లేదంటే ఒక సున్నితమైన పిల్ల వారం రోజులు నిద్రపోదు. అమెరికాలోని హోలోకాస్ట్ (నాజీల యూదు సంహారం) మ్యూజియం కూడా ఇలాంటి అనుకరణలు వద్దనే ఉపాధ్యాయులకు చెబుతుంది. ‘డాక్‌ఘర్’ ఆడించండి, ఘెట్టోను ఆడించకండి.

అపోహ: రజాకార్ల కాలమే మన హోలోకాస్ట్, దాన్ని మన పాటలు ఎప్పుడో చెప్పేశాయి.

ఇది మా ప్రాంతపు అపోహ, అందుకే కొంచెం ఆగుతాను. నిజాం పాలన నిలబెట్టడానికి ఆయుధాలు పట్టిన రజాకార్ల దౌర్జన్యం నిజం. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగింది ఊచకోతే. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి లాంటివాళ్లు ఆ కాలాన్ని పాటలో నిలబెట్టారు. గద్దర్ గొంతులో ‘మా భూమి’ సినిమా ద్వారా యాదగిరి పాట మా తరానికీ అందింది. అయినా ఒక జాతిని పసిబిడ్డతో సహా భూమ్మీద లేకుండా చేయాలని ఒక ఆధునిక రాజ్యం రైళ్లనూ గుమస్తాలనూ గ్యాస్ గదులనూ కూడగట్టుకున్న పని వేరు. పోలిక పెట్టాలంటే ముందు తేడా చెప్పాలి.

ఇక పాటలు అన్నీ చెప్పేశాయా? లేదు. 1956 దాకా మా కొడంగల్, తాండూరు తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చిన పోలీసు చర్య తర్వాత కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ, సంస్థానం మొత్తం మీద 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. వాళ్లలో అత్యధికులు ముస్లింలు. ఉస్మానాబాద్, బీదర్, నాందేడ్‌లతో పాటు గుల్బర్గాను అత్యంత నష్టపోయిన జిల్లాల్లో ఒకటిగా పేర్కొంది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. ఏ పల్లెలో ఏం జరిగిందో ఈ లెక్క చెప్పదు. నేను విన్న బుర్రకథల్లో నిజాం లొంగిపోయిన సెప్టెంబర్ 17తో కథ అయిపోతుంది, డక్కీలు ఆగుతాయి.

మా వైపు పెద్దవాళ్లు వయసు అడిగితే ఏడాది చెప్పరు. ‘పోలీస్ యాక్షన్ అప్పుడు నేను ఇంత ఉంటి’ అని చేత్తో ఎత్తు చూపిస్తారు. అలా చేయి చూపేవాళ్లు ఇంకా కొందరున్నారు. తెరెజీన్ బొమ్మలు చూపించిన మర్నాడు, పిల్లలకు ఒక నోటుబుక్కిచ్చి వాళ్ల దగ్గరికి పంపొచ్చు. రజాకార్ల మీద పాట వస్తుందా అని ఒక ప్రశ్న, ఆ తర్వాత రోజుల మీద పాట ఏదన్నా ఉందా అని ఇంకో ప్రశ్న. జవాబు రాకపోతే ఆ పేజీ ఖాళీగానే ఉంచి, కింద తేదీ వేసి, అడిగిన పిల్లవాడి పేరు రాయించాలి.