సదరం శాతం వేరే, రేసు క్లాస్ వేరే: మూడు చక్రాల సైకిల్ పోటీలో ఎవరు ఎవరితో?

కోట నుంచి మాట్లాడుతున్నాను. మా ఊళ్ళో ఒక తమ్ముడున్నాడు, సెరిబ్రల్ పాల్సీ. రెండు చక్రాల సైకిల్ ఎక్కితే పడిపోతాడు, మూడు చక్రాలదైతే వాకాడు రోడ్డు మీద ఆపమన్నా ఆపడు. మొన్న అడిగాడు: "అన్నా, సదరంలో నాకు 70 శాతం రాశారు గదా, రేసుకి పోతే నన్ను ఏ క్లాస్‌లో వేస్తారు?"

ఆ 70కీ రేసు క్లాస్‌కీ సంబంధం లేదబ్బాయా. ఎందుకు లేదో ఈరోజు చెప్పుకుందాం.

ముందు బండి సంగతి. ట్రైసైకిల్ అనగానే మనకి గుర్తొచ్చేది గూడూరు స్టేషన్ బయట కనిపించే బండి, చేత్తో తిప్పేది. పోటీల్లో దాని తరహా బండిని హ్యాండ్‌సైకిల్ అంటారు. దాని క్లాసులు వేరే, హెచ్1 నుంచి హెచ్5 దాకా. రేసు ట్రైసైకిల్ కాళ్ళతో తొక్కేది. ముందు ఒక చక్రం, వెనక రెండు. గేర్లు, వంపు హ్యాండిల్, అంతా రేసు సైకిల్ లాగే. మూడో చక్రం బ్యాలెన్స్ కోసం. కండరాలు బిగుసుకుపోయేవాళ్ళు, చెయ్యి ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడేవాళ్ళు, తమ ప్రమేయం లేకుండా ఒళ్ళు కదిలేవాళ్ళు ఎక్కువగా ఇందులోకి వస్తారు. సెరిబ్రల్ పాల్సీ, పక్షవాతం, తలకి దెబ్బ, మల్టిపుల్ స్క్లిరోసిస్ లాంటివి కారణాలు.

ఇందులో రెండే క్లాసులు. టీ1 అంటే ఇబ్బంది ఎక్కువ, టీ2 అంటే తక్కువ.

ఇప్పుడు శాతం దగ్గరికి వద్దాం. సదరం సర్టిఫికెట్ చట్టం కోసం, పెన్షన్ కోసం. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, 40 శాతం లేదా ఆపైన ఉంటే మీకు హక్కులొస్తాయి. ఆటలో అడిగే ప్రశ్న వేరే: ఈ లోపం వల్ల ఈ ఆట ఆడటం ఎంత కష్టమవుతోంది? అంతే. పుట్టు చెవుడు ఉండి 100 శాతం రాసినా పారాలింపిక్స్‌లో క్లాసే లేదు. వాళ్ళకి డెఫ్‌లింపిక్స్ విడిగా ఉంది. మన నంద్యాల అర్షద్ షేక్‌నే చూడండి. ఒక కాలు పోయింది, కానీ బ్యాలెన్స్ ఉంది. కాబట్టి ట్రైసైకిల్ కాదు, మామూలు రెండు చక్రాల సైకిల్, సీ2 క్లాస్. 2024లో పారిస్ పారాలింపిక్స్‌కి ఆ క్లాస్‌లోనే వెళ్ళాడు. మనిషి ఎంత కోల్పోయాడన్నది కాదు, తొక్కేటప్పుడు ఏం అడ్డమొస్తోందన్నదే లెక్క.

పరీక్ష ఎట్లా చేస్తారంటే, ముందు డాక్టర్ కాగితాలు చూస్తారు. తర్వాత బల్ల మీద కూర్చోబెట్టి చేతులూ కాళ్ళూ వంచి చూస్తారు, కండరం ఎంత ఎదురు తిరుగుతోందో, ముక్కు ముట్టుకోమంటే వేలు ఎంత వణుకుతోందో. ఆ తర్వాత రేసులో మీరు తొక్కడం కూడా గమనించొచ్చు. బల్ల మీద వంగని మోకాలు రోడ్డు మీద చక్కగా వంగితే ప్రశ్నలొస్తాయి. కావాలని తక్కువ చేసి చూపించారని తేలితే నిషేధమే. 2021లో టోక్యోలో డిస్కస్ త్రోయర్ వినోద్ కుమార్‌కి వచ్చిన కాంస్యం వెనక్కి పోయింది. తర్వాత రెండేళ్ళ నిషేధం కూడా పడింది. క్లాస్ ఒకసారి ఇస్తే శాశ్వతం కూడా కాదు. జబ్బు ముదిరేదైతే మళ్ళీ పిలిచి చూస్తారు.

నాకు బాగా నచ్చింది ఈ సంగతి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో టీ1కి, టీ2కి విడివిడిగా రేసులుంటాయి. పారాలింపిక్స్‌లో మాత్రం ఇద్దర్నీ కలిపేస్తారు. అప్పుడు టైమ్ ట్రయల్‌లో టీ1 వాళ్ళ సమయాన్ని ఒక గుణకంతో తగ్గిస్తారు. అర్థం కావడానికి ఒక ఉత్తుత్తి లెక్క చెప్తా: టీ1 మనిషికి 30 నిమిషాలు పట్టింది, గుణకం 0.85 అనుకోండి, లెక్కకొచ్చేది 25 నిమిషాల 30 సెకన్లు. టీ2 మనిషి 26 నిమిషాల్లో వచ్చాడు. వెనకొచ్చినాయన గెలిచాడు! 2012లో లండన్‌లో అయితే ఆడా మగా కూడా ఒకే టైమ్ ట్రయల్‌లో పోటీపడ్డారు. స్వర్ణం ఎవరికో తెలుసా? ఆస్ట్రేలియా కెరోల్ కుక్‌కి, ఒకప్పుడు పోలీసు ఉద్యోగం చేసి, మల్టిపుల్ స్క్లిరోసిస్ వచ్చాక ట్రైసైకిల్ ఎక్కిన ఆవిడకి.

రోడ్ రేస్‌లో ఈ సర్దుబాటు లేదు, గీత ముందు దాటినవాడే విజేత. టీ1 వాళ్ళకి ఇది అన్యాయమనే నా అభిప్రాయం. రెండు రకాల మనుషుల్ని కలిపినప్పుడు ఒక రేసులో తేడా ఒప్పుకుని ఇంకోదాంట్లో లేదంటే ఎట్లా?

సరే, మన తమ్ముడి సంగతి. అతను చెయ్యాల్సింది సదరం కాగితం లామినేషన్ చేయించుకోవడం కాదు. న్యూరాలజిస్టు రాసిన రిపోర్టు, చిన్నప్పటి స్కానింగులు, ఫిజియోథెరపీ కాగితాలు ఒక ఫైల్‌లో పెట్టుకోవాలి. జబ్బు పేరు, ఏ కండరాలకి ఎంత ప్రభావమో స్పష్టంగా రాయించుకోవాలి. హైదరాబాద్‌లో ఆదిత్య మెహతా ఫౌండేషన్ పారాసైక్లిస్టులకి శిక్షణ ఇస్తుంది, అర్షద్ కూడా అక్కడ నేర్చుకున్నవాడే. ఫోన్ చేసేటప్పుడు "నాకెంత శాతం" అని మొదలుపెట్టొద్దని చెప్పాను. "నేను కాళ్ళతో తొక్కగలను, రెండు చక్రాల మీద నిలబడలేను" అని మొదలుపెట్టమన్నాను.